మొసలి తోక

మా ఆయనకున్న జబ్బు గురించి ఎవరికి చెప్పుకోను? తాగుడైతే పాస్టరుగారి చేత చెప్పించేదాన్ని. పరాయి ఆడదైతే మా అన్న చేత చెప్పించేదాన్ని. ఈయనది దానం. దీనికి మందూ లేదు, మందలించే మనిషీ లేడు. పైగా ఆదివారం చర్చిలో లేపి నిలబెట్టి చప్పట్లు కొడతారు.

పెళ్ళైన కొత్తలో మా అమ్మ ఇచ్చిన ఇత్తడి పళ్ళెం వెళ్ళింది. తర్వాత కుట్టుమిషను. ఆ తర్వాత నడివానల్లో మా వంటింటి మీది రేకులు, ఎవరో వితంతువు ఇల్లు కూలిందని. చేపల కోల్డ్ స్టోరేజీ కలిసొచ్చి, వాళ్ళమ్మ పేరు మీద పిల్లల చదువులకని మాన్సా ట్రస్టు పెట్టాక ఇంట్లో సామాను పోవడం ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. మా అమ్మాయి ఎఫువా పుట్టి పేరు పెట్టిననాడు నేను కట్టుకున్న ఆకుపచ్చ అచ్చుబట్ట, తెల్లటి నత్తగుల్లల అచ్చుది, పెట్టెలో సగమే ఉంది. మిగతా సగం ఎవరో శుభ్రంగా కత్తిరించుకుపోయారు. అడిగితే ఎలుకలేమో అన్నారు. మా ఎన్సువానో ఊళ్ళో ఎలుకలు కత్తెర పట్టడం నేర్చాయంటే అది కూడా ట్రస్టు చదువుల చలవే అయ్యుండాలి.

నాకు భయమేస్తే పోయిన సామాను గుర్తొస్తుంది. ఈ మాటలన్నీ మా ఆయన మొహం మీదే అంటూ, ఆయన నుదుటి మీది గాయానికి తడిగుడ్డ అదిమి పట్టుకుని ఉండగా, కిటికీ అద్దం పలకలు పగిలి ఇంకో రాయి లోపలికొచ్చింది.

రాయి గోడకున్న మా పెళ్ళి ఫొటోకి తగిలింది. ఫొటోలో నేను మిగిలాను.

"కిటికీ దగ్గర్నించి జరగండి," అన్నాను.

"ఎందుకు జరగాలి? నా ఇల్లు. వాళ్ళ పిల్లలకి చదువు చెప్పించినవాడి ఇల్లు," అన్నారు ఎబో హేఫ్రన్‌గారు, నా మొగుడు. రక్తం కంట్లోకి దిగుతున్నా కుర్చీ కదపలేదు. దాతలకి వెన్ను వంగదు.

పొద్దున ట్రస్టు కట్టించిన ఆడపిల్లల హాస్టల్ ప్రారంభం. మా పైపేటకీ, కింద సముద్రం ఒడ్డున ఉన్న రేవుకీ మధ్య నాలుగు దారుల కూడలిలో బడి. అక్కడ ట్రస్టు జెండా ఎగరేశారు. జెండా మీద మొసలీ, చేపా. మొసలి మా ఆయన పుట్టిన పైపేట పటాలానిది, అంటే తాతల నాటి పోరుదళానిది. చేప మా నాన్న పుట్టిన రేవు పటాలానిది. ఒకే నీళ్ళలో రెండూ, ఒకే బడిలో అందరూ అని ఆయన ఉద్దేశమట. ఉద్దేశాలు గాలికి ఎగరవు కదా, ఎగిరింది జెండా. రేవు వాళ్ళు తలెత్తి చూసింది ఒకటే: మొసలి చేప కంటే జానెడు పొడుగుంది.

మా ఊళ్ళో జెండాని బొమ్మ చూసి చదవరు, కొలత చూసి చదువుతారు. పెద్దగా కుట్టిన వాడు ఏలేవాడు. చిన్నగా కుట్టిన వాడు వాడి పళ్ళెంలో తిండి. పాలు తాగే పిల్లకి కూడా తెలిసిన సంగతి ఇది. తాతల నాటి నుంచీ ఇలాంటి గుడ్డముక్కల మీదే మా వాళ్ళు తలలు పగలగొట్టుకున్నారు.

మొదట ఒక సీసా లేచింది. తర్వాత అతిథుల కోసం వేసిన కుర్చీలు. కుర్చీల కాళ్ళు విరిగి అవే కర్రలయ్యాయి. పైపేట డోలు వాయించేవాడి దవడ పక్కకి పోయింది. రేవు కుర్రాడొకడి పొట్టలో కత్తి దిగింది. అతన్ని పడవ తెరచాపలో చుట్టి ఆస్పత్రికి మోసుకెళ్ళారు. ఉన్నాడో పోయాడో ఇంకా కబురు లేదు. నేను అతిథులకి వంట చేయిస్తూ వెనక షెడ్డులో ఉండిపోయాను కాబట్టి అరుపులే విన్నాను. బయటికొచ్చేసరికి జెండాని దించి చీలుస్తున్నారు. మా అమ్మాయి ఎఫువా, ఆ బళ్ళో టీచరు, పిల్లల్ని హాస్టల్లోకి తోసి గేటుకి గొలుసు వేసేసింది.

పోలీసు వ్యాను బయల్దేరిందన్నారు. పొద్దున్నించీ దారిలోనే ఉంది.

"ఏం అరబా, ఇంకా ఇక్కడే ఉన్నావేం?"

వీధి తలుపుకి వీపు ఆనించి, ఫుఫు ముద్దకి దుంపలు దంచే రోకలి భుజాన పెట్టుకుని నిలబడ్డ మా ఆడపడుచు అజ్వా వదిన మాట అది.

"ఎక్కడుండమంటారు వదినా?"

"పటాలాలు కొట్టుకునే రోజున ఆడది తన తండ్రి వైపు ఉండాలి. మా అమ్మ అలాగే వెళ్ళింది. మా మేనత్త కడుపుతో ఉండి కూడా వెళ్ళి మొగుడి మీదకి రాళ్ళందించింది. నువ్వేమో మొగుడి నుదురు తుడుస్తున్నావు. చదువుకున్నదానివి కదా, నీ లెక్కలు వేరేమో."

"గాయం కట్టేశాక వెళ్ళి రాళ్ళందిస్తాను. కొంచెం ఓపిక పట్టండి."

వదిన మూతి తిప్పింది. కానీ రోకలి దించలేదు, తలుపు దగ్గర్నించి జరగలేదు. ఆవిడకి తమ్ముడంటే ప్రాణం. నేనంటే రేవు చేప.

పెరటి తలుపు ఎవరో తలతో కొట్టినట్టు చప్పుడైంది. తలతోనే కొట్టాడు. చేతులు ఖాళీ లేవు. ఎడంచేత్తో కుడిచేతిని పట్టుకుని నిలబడ్డాడు క్వాన్సా మేస్త్రీ. రేవు పటాలం జెండాలు మూడు తరాలుగా కుట్టిన ఇంటివాడు. ట్రస్టు జెండా కుట్టింది కూడా అతనే. నేను బట్ట కట్టుకున్న తీరు ఏనాడూ నచ్చని మనిషి, ఎదురుపడితే ముందు కుచ్చిళ్ళ వంకే చూసేవాడు. ఇప్పుడు దేని వంకా చూడడం లేదు.

కుడిచేతికి చుట్టిన చొక్కా విప్పాను. వేళ్ళు వేళ్ళలా లేవు.

"ఎవరు కొట్టారు మేస్త్రీ?"

"మా వాళ్ళేనమ్మా. మీ అన్న మనుషులు. నా బొగ్గుల ఇస్త్రీపెట్టెతోనే. పరాయివాళ్ళయితే ఇంత శ్రద్ధగా కొట్టరు."

"బొగ్గులున్నాయా అందులో?"

"ఉన్నాయి."

పొయ్యి మీద నీళ్ళు పెట్టాను. అతన్ని వంటింటి గడప దగ్గర కూచోబెట్టాను. అక్కణ్ణించి మా ఆయన కుర్చీ కనిపిస్తుంది. మా ఆయన గోడవైపు తిరిగారు.

"వీణ్ణెందుకు రానిచ్చావు?" అంది వదిన. "ఇంత రక్తపాతం తెచ్చింది వీడి సూదే కదా."

"వేళ్ళు విరిగినవాణ్ణి పెరట్లో పెట్టి తలుపేయమంటారా?"

"రెండూ సమానంగా కుట్టమని చెప్పాను," అన్నారు మా ఆయన గోడతో. "పొద్దున అందరి ముందూ అదే చెప్పాను. ఇతనికేం బుద్ధి పుట్టిందో నాకెలా తెలుస్తుంది?"

మేస్త్రీ తల ఎత్తి ఆయన వీపు వంక చూశాడు. చూసి, నేల వంక చూశాడు. ఏమీ అనలేదు.

 పొయ్యి మీద నీళ్ళు గుసగుసలాడుతున్నాయి.

మేస్త్రీ అలా ఊరుకోవడం నాకు బాగాలేదు. క్వాన్సా నోటికి దడిసే మా ఊళ్ళో పెళ్ళికూతుళ్ళు పక్క ఊళ్ళో కుట్టించుకుంటారు. చావు ఇంట్లో శవానికి కట్టిన బట్ట బాగాలేదని గొడవపడ్డ మనిషి. అలాంటివాడు వేళ్ళు విరగ్గొట్టించుకుని, తప్పు నీదే అంటే నేల వంక చూస్తాడా? అతని పెద్ద కూతురు ట్రస్టు ఖర్చుతో నర్సు చదువు చదువుతోంది. చిన్నది ఇప్పుడా హాస్టల్లోనే ఉంది. అన్నం పెట్టిన చెయ్యి నోరు కూడా మూయగలదని నాకు అప్పుడే తోచింది. తోచిందే గానీ ముడి దొరకలేదు.

నా ఫోను మోగింది. ఎఫువా.

"అమ్మా, నాన్న బతికున్నారా?"

"ఉన్నారు. గోడతో మాట్లాడుతున్నారు. నువ్వెలా ఉన్నావు?"

"గేటు బయట ఒక పక్క రేవు వాళ్ళు, ఇంకో పక్క పైపేట వాళ్ళు. ఎవరి పిల్లల్ని వాళ్ళు తీసుకుపోతామంటున్నారు, ఎవరినీ ఎవరూ రానివ్వడం లేదు. మనం వంట చేసిన షెడ్డు మీద కిరసనాయిలు పోశారు. ఇంకా అంటించలేదు." అమ్మాయి గొంతు తగ్గించింది. "లోపల ఇంకా ఘోరంగా ఉందమ్మా. పిల్లలు కూడా విడిపోయారు. మీ నాన్న మొసలి, మా నాన్న చేప అని పళ్ళేలతో కొట్టుకుంటున్నారు. నిన్న ఒకే బెంచీ మీద కూచున్నవాళ్ళు. ఒకదాని చెవి చిరిగింది. విడదీయబోతే నన్ను కరిచారు."

"ఎవరు?"

"మొసలే. చేపకి అంత పళ్ళెక్కడివి," అని నవ్వబోయి ఏడ్చేసింది నా కూతురు.

మా ఆయన ఫోను లాక్కున్నారు. "ఎఫువా, గేటు తెరవకు. నేను రాజధానిలో మాట్లాడుతున్నాను. ట్రస్టుకి సాయం చేసేవాళ్ళు పెద్దపెద్ద చోట్ల చెప్పిస్తున్నారు."

"ఎవరితో ఏం చెప్పించినా నాన్నా, వీళ్ళు అడిగేది ఒకటే. ఆ జెండా కొలత ఎవరిది? ఎవరో ఒకరు నాదీ అని చెప్పే దాకా కదలరట."

ఆయన ఫోను నా చేతిలో పెట్టేశారు. కూతురు అవతల ఇంకా నాన్నా, నాన్నా అంటూనే ఉంది.

అప్పుడు మా అన్న వచ్చాడు.

తలుపు కొట్టలేదు, పేరు పెట్టి పిలిచాడు. "అరబా, నేను కొబినాని. ఒక్కణ్ణే వచ్చాను. మీ వదినగారిని రోకలి దించమను."

"దించను," అంది అజ్వా వదిన. కానీ ఒక్కడే వచ్చినవాణ్ణి గుమ్మంలో ఆపడం మా వాళ్ళలో లేదు. తలుపు తీసింది.

మా అన్న రేవు పటాలానికి నాయకుడు. చేతిలో ఏమీ లేదు. భుజం మీద చిరిగిన జెండా వేసుకున్నాడు. చొక్కా నిండా ఎవరిదో రక్తం.

"చెల్లీ, బయల్దేరు. నాన్న ఇంట్లో నీ గది ఊడ్చి పెట్టారు."

"ఎఫువా బళ్ళో ఉంటే నేనెక్కడికి వస్తానన్నయ్యా?"

"దాని గురించే వచ్చాను." మా ఆయన వైపు తిరిగాడు. "బావా, పొద్దున పొడిచారే కుర్రాణ్ణి, పోయాడు. ఇందాకే కబురొచ్చింది. ఇప్పటిదాకా మావాళ్ళని నా మాట మీద ఆపాను. పొద్దు గుంకితే నా మాట ఆగదు. వాళ్ళకి ఒక మనిషి కావాలి. ఆ జెండా కొలత నాదీ అని కూడలిలో నిలబడి చెప్పే మనిషి. అలా చెబితే గొర్రెని కోసి రక్తం నేల మీద పోసి ఎవరిళ్ళకి వాళ్ళు పోవాలి. ఇది మీ తాతా మా తాతా పెట్టుకున్న కట్టుబాటు. చెప్పేవాడు లేకపోతే కుట్టినవాణ్ణి ఇమ్మంటున్నారు. చేతితో సరిపోదంటున్నారు."

క్వాన్సా గడప దగ్గర ముడుచుకుపోయాడు.

"నా గుమ్మంలోకొచ్చి నాకు గడువు పెడతావా?" మా ఆయన లేచారు. "ఎవడికి బడి కట్టాను నేను? మీ రేవు పిల్లలు పడవల కింద ఆడుకుంటుంటే తెచ్చి బెంచీల మీద కూచోబెట్టింది ఎవరు? నీ కొడుకు ఫీజు ఎవరు కట్టారు?"

"నువ్వే కట్టావు. ఆ సంగతి ప్రతి క్రిస్మస్‌కీ చెబుతూనే ఉన్నావు."

"విశ్వాసం లేని జాతి."

"ఏమన్నావు?"

"చేపజాతి అన్నాను."

మా అన్న ఆయన గొంతు పట్టుకుని గోడకి కొట్టాడు. తల గోడకి తగిలిన చప్పుడు నా పళ్ళలో వినిపించింది. మా ఆయన చేతికందిన స్టూలెత్తి అన్న పక్కటెముకల మీద వేశారు. స్టూలు విరిగింది, అన్న చెయ్యి వదల్లేదు. మా ఆయన నాలుక బయటికొస్తోంది. అజ్వా వదిన రోకలి రెండు చేతులా ఎత్తి అన్న భుజం మీద దించింది. ఎండు వెదురు విరిగినట్టు పుటుక్కుమంది. అన్న మోకాళ్ళ మీద పడి కూడా ఎడంచేత్తో మా ఆయన చీలమండ పట్టి లాగాడు. ఇద్దరూ కింద దొర్లారు. అన్న పళ్ళు ఆయన ముంజేతిలో దిగాయి. ఇంతకాలం క్రిస్మస్‌కి ఒకే పళ్ళెంలో చేతులు పెట్టి తిన్న బావా బావమరుదులు.

వదిన రోకలి మళ్ళీ ఎత్తింది. ఈసారి తల మీదకి.

నేను పొయ్యి మీది నీళ్ళ గిన్నె తీసి ఇద్దరి కాళ్ళ మీదా సమానంగా పోశాను. సమానంగా అన్నది గమనించాలి. ఆ రోజు మా ఊళ్ళో సమానంగా జరిగిన పని అదొక్కటే.

అరిచి విడిపోయారు.  తడినేల మీద జెండా పరుచుకుని పడింది.

తుడవడానికి వంగాను. ఆడవాళ్ళకి ఇదొక శాపం, ఇల్లు తగలబడుతున్నా నేల తడిగా ఉంటే వంగుతాం. వంగినప్పుడే మొదటిసారి దగ్గర్నించి చూశాను ఆ మొసలిని. తలా, వీపూ, కాళ్ళూ ముదురాకుపచ్చ. తోక చివర మాత్రం లేతాకుపచ్చ. దాని మీద తెల్లటి నత్తగుల్లలు.

నా బట్ట. నా ఎఫువాకి పేరు పెట్టిననాటి బట్ట.

"ఎఫువా నాన్నా," అన్నాను, "ఎలుక దొరికింది."

ఆయన తల తిప్పలేదు.

"పెట్టె తాళంచెవి నా దగ్గరొకటి, మీ దగ్గరొకటి. మేస్త్రీ దగ్గర లేదు. మొసలికి సరిపడా గుడ్డ మేస్త్రీ దగ్గరుందిగా. మరి తోక దగ్గరికొచ్చేసరికి ఎందుకు చాల్లేదు?"

"పాత గుడ్డేదో అడిగితే ఇచ్చాను. పేదవాడు."

"కత్తిరించిన బట్ట పెట్టెలో పెట్టి ఎలుకలన్నారే. పేదవాడికిస్తే ఎప్పుడూ చర్చిలో చెప్పుకునేవారు కదా మీరు."

తోక అతుకు దగ్గర గోరు పెట్టి దారం తెంపాను. మిగతాది పంటితో పీకాను. నత్తగుల్లల ముక్క ఊడి నా చేతిలోకొచ్చింది. దాని కింద ముదురాకుపచ్చ తోక ఇంకోటుంది, చివర గుండ్రంగా, ముద్దుగా కుట్టి ముగించింది. ఆ తోక కొస నుంచి చేప తోక కొస దాకా నా చెయ్యి ఆనించి చూశాను. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

మా అన్న విరిగిన భుజం పట్టుకుని చూస్తున్నాడు. వదిన రోకలి గోడకి ఆనించింది.

"మేస్త్రీ," అన్నాను, "సమానంగానే కుట్టి ముగించావు కదా. పొడిగించమన్నది ఎవరు?"

"నా చిన్నది ఆ హాస్టల్లో ఉందమ్మా," అన్నాడు క్వాన్సా. "పెద్దదానికి ఇంకా చదువు మిగిలుంది. నన్నడక్కండి."

అంతకంటే జవాబు ఏం కావాలి?

"ఓరి ఎబో," అంది అజ్వా వదిన. గొంతు మారిపోయింది. "నువ్వు రెండూ సమానంగా కుట్టిస్తానన్ననాడు నేనేదో నవ్వులాటకి అన్నాను కదరా. పెళ్ళాం వైపు చేపవైపోయావు, మొసలిని బల్లి చేశావు అని, పెద్దలందరూ కూచున్నప్పుడు. నవ్వులాట అది."

"అందరూ నవ్వారక్కా," అన్నారు మా ఆయన.

"దానికని ఇంత చేస్తావా?"

"జానెడే కదా అనుకున్నాను."

మా అన్న చిన్నగా నవ్వాడు. నవ్వితే భుజం నొప్పి పుట్టి ఆపేశాడు. "ఊరందరినీ చదివించావు బావా. ఆ జానెడు ఎవరికీ కనపడదనుకున్నావా?"

"ఇప్పుడేం చెయ్యమంటారు నన్ను?" మా ఆయన గొంతు పెంచారు. పట్టుబడ్డ మగవాడి గొంతు అంత బిగ్గరగా ఇంకెప్పుడూ ఉండదు. "కూడలికెళ్ళి నాదీ అంటే రేపు ట్రస్టు ఉంటుందా? ఒక్క దాత నిలబడతాడా? బడి మూతపడుతుంది. చదివే పిల్లలందరూ రోడ్డున పడతారు. నా కోసం కాదు, వాళ్ళ కోసమే నోరు మూసుకున్నాను. కుట్టినవాడు అతను. పైపేట తరపున అతని కుటుంబాన్ని నేను చూసుకుంటాను. కొబినా, తీసుకెళ్ళు అతన్ని."

ఈ మాట అన్నది నా మొగుడేనా అని ఒకసారి ఆయన మొహం చూశాను. ఆయనే. చర్చిలో చప్పట్లు కొట్టించుకునే మొహమే.

మా అన్న కదల్లేదు. కదిలింది క్వాన్సా. ఎడంచెయ్యి నేలకి ఆనించి లేవబోతున్నాడు, వెళ్ళడానికి. వెళ్ళిపోయేవాడే.

నేను అతనికి అడ్డంగా గడప మీద కూచున్నాను.

"పిల్లల కోసం నోరు మూసుకున్నారు, బాగుంది," అన్నాను. "ఆ పిల్లలు గొలుసు వేసిన గేటు వెనకాల ఉన్నారు. అక్కడ గేటూ మూసి, ఇక్కడ మీ నోరూ మూస్తే, ఇక వాళ్ళకి తెరుచుకునేది ఏముందండీ?"

ఫోను మోగింది. ఎఫువా ఏడవడం లేదు. అదే ఎక్కువ భయమేసింది.

"షెడ్డు అంటించారమ్మా. గాలి ఇటే ఉంది. గేటు తెరిస్తే కత్తులు, తెరవకపోతే పొగ. నాన్ననడుగు ఏం చెయ్యను?"

ఆ గొంతు గదంతా వినిపించింది, ఈసారి ఫోను ఎవరూ లాక్కోలేదు. ఆయన చెప్పులు వెతుక్కున్నారు. దొరకలేదు. వట్టికాళ్ళతో, కాలిన కాళ్ళతో బయల్దేరారు.

కూడలిదాకా దారంతా గాజుపెంకులు, విరిగిన ప్లాస్టిక్. దోకోను, అదే మొక్కజొన్న ముద్దలు, అమ్మే పిల్ల బుట్ట బోర్లాపడి ముద్దలన్నీ రక్తంలో పొర్లుతున్నాయి. రెండు పటాలాల డోళ్ళూ ఒకదాని మీద ఒకటి అరుస్తున్నాయి. బడి మీద నల్లటి పొగ పక్కకి వాలి హాస్టల్ కిటికీల్లోకి పోతోంది. ముందు మా ఆయన, పక్కన చెయ్యి వేలాడేసుకుని మా అన్న, వెనక నేనూ క్వాన్సా. అందరికంటే వెనక అజ్వా వదిన, రోకలి లేకుండా.

మా అన్న ఎడంచెయ్యి ఎత్తాడు. రేవు డోలు ఆగింది. పైపేట వాళ్ళు మా ఆయన్ని చూసి కేకలు పెట్టి తర్వాత ఆపారు.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. బహుమతుల సభలో సవరించుకున్నట్టే.

"ఎన్సువానో సోదరులారా. ఈ రోజు ఒక పొరపాటు జరిగింది. చనిపోయిన బిడ్డ కుటుంబాన్ని మాన్సా ట్రస్టు జీవితాంతం..."

రాయి వచ్చి నోటి మీద తగిలింది. ఆయన వంగి, రక్తమూ పంటిముక్కా ఉమ్మి, మళ్ళీ నిటారుగా నిలబడ్డారు.

"రేవులో కొత్తగా ఇంకో బడి..."

ఇంకో రాయి. ఈసారి చెంప. పైపేట వైపు కత్తులు పైకి లేచాయి. ఎవరో మొదటి అడుగు వేశారు కూడా. హాస్టల్ కిటికీలోంచి పిల్లల దగ్గులు వినిపిస్తున్నాయి.

"గొర్రెని కాదు, ఎద్దునే ఇస్తాను," అన్నారు. జనం ఊళ పెట్టారు.

నేను వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను. నా చేతిలోనే ఉండిపోయిన ఆకుపచ్చ ముక్క ఆయన చేతిలో పెట్టాను.

"ఏమీ ఇవ్వకండి," అన్నాను చెవిలో. "ఇంతకాలం ఇచ్చింది చాలు. ఊరికే చెప్పండి."

ఆయన ఆ ముక్క వంక చూసుకున్నారు. నత్తగుల్లల మీద ఆయన నోటి రక్తం బొట్లుబొట్లుగా పడుతోంది. చెయ్యి పైకెత్తారు. 

"మొసలి తోక ఇది," అన్నారు. పన్ను విరిగిన నోట్లోంచి మాట సరిగ్గా రావడం లేదు. "మేస్త్రీ సమానంగా కుట్టి తెచ్చాడు. పొడిగించమన్నది నేను. వద్దయ్యా, ప్రాణాలు పోతాయన్నాడు. నీ కూతుళ్ళ చదువు సంగతి చూసుకోమన్నాను."

 షెడ్డు మంట చిటపటలాడుతోంది. పోయిన కుర్రాడి తల్లి కాబోలు, ముందుకొచ్చి నిలబడ్డ ఒకావిడ, చేతిలో రాయి ఇంకా దించలేదు.

"వినపడలేదు," అంది ఆవిడ.

ఆయన ఊపిరి తీసుకున్నారు. జనం వైపు తిరగలేదు, ట్రస్టు బోర్డు వైపూ తిరగలేదు. వెనక్కి, విరిగిన చేతిని గుండెకి అదుముకుని నిలబడ్డ క్వాన్సా వైపు తిరిగారు.

"నేను తప్పు చేశాను, మేస్త్రీ," అన్నారు, ఊరంతా వినపడేలా.